లోపలి వైపు కోత

పుదుచ్చేరి,
మార్చి నెల.

అన్నా,

ఇకమీదట నీతో ఫోన్‌లో మాట్లాడను. నువ్వు "అంతా బాగుండాది" అంటావు, నేను "సరే" అంటాను, పక్కన అమ్మ చెవి ఆనించుకుని కూర్చుంటుంది. అదీ ఒక మాటేనా? కాయితం మీదైతే మనిషి కాసేపు కూర్చుని ఆలోచించాలి. నీ గదిలో కడప అబ్బాయి తెలుగు అక్షరాలు నేర్పించాడన్నావు కదా, ఇక వంక లేదు. నేను షాపులో నేర్చుకున్నాను. గ్రీజు తుడుచుకోవడానికి యానాం వాళ్ళ ఇంటి నుంచి పాత తెలుగు పేపర్లు వస్తాయి. తుడిచే ముందు చదవడం, చదివాక తుడవడం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. మన ఇంట్లో తెలుగు రాయగలిగింది ఇప్పుడు మనిద్దరమే. తప్పులుంటే నవ్వుకో, కానీ జవాబు రాయి.

షాపు ఎప్పటిలాగే ఉంది. నిన్న ఒక కారాయన, నేను జాకీ పట్టుకుని ఎదురుగా నిలబడి ఉండగానే, "షాపులో ఎవరూ లేరా?" అని అడిగాడు. "ఉండాను గదా, నేనేమన్నా గోడనా?" అన్నాను. ఓనరు ఇరుసప్పన్ లోపలినుంచి వచ్చి నన్నే తిట్టాడు. టైరు మాత్రం నేనే ఊడదీశాను. ఆయన నడుము వంగి ఎన్నాళ్ళయింది!

అసలు సంగతి ఇది. పాండియన్ వాళ్ళమ్మ పరిమళ అత్త రోజూ పొద్దున వైతికుప్పం నుంచి చేపల గంపతో వచ్చి మన గుమ్మంలోనే ముందు దించుతుంది. అమ్మ గిన్నె పట్టుకుని నిలబడితే అడక్కుండానే గుప్పెడు నెత్తళ్ళు వేసి, నా వైపు తిరిగి, "శివలింగం రాసినాడా? మా వోడి మాట ఉండాదా?" అంటుంది. నీ జాబు వస్తే అమ్మకి తెలుగులో, అత్తకి తమిళంలో చదివి చెప్పాల్సింది నేనే. కాబట్టి ప్రతి జాబులో పాండియన్ గురించి ఒక్క ముక్కైనా రాయి. మొగుణ్ణి కడలి తీసుకుపోయిందని కొడుకుని పడవ ఎక్కనివ్వని మనిషి ఆమె. "రోడ్డుకి అలలుండవు అత్తా, నేను చూసుకుంటాను గదా" అని చెప్పి వాణ్ణి డ్రైవరుగా ఆ ఒమన్‌కి పిలిపించుకున్నది నువ్వు. మర్చిపోకు.

తిలగం


నిజ్వా దగ్గర క్యాంపు, ఒమన్,
ఏప్రిల్.

తిలగం,

నీ రాత చూసి కడప అబ్బాయి, "మీ చెల్లెలు తిడతా రాసిందా, రాస్తా తిట్టిందా?" అన్నాడు.

పరిమళ అత్తకి చెప్పు, పాండియన్ బాగున్నాడు, లావయ్యాడు కూడా. కంపెనీ కారు మా ఇద్దరి చేతికీ మార్చి మార్చి ఇస్తారు. కొండ అవతల నీళ్ళ ట్యాంకు కడుతున్నారు, పనివాళ్ళని అక్కడ దింపి తీసుకురావడమే మా పని. వీడు పొద్దున కారు తీసే ముందు నాలుగు టైర్ల చుట్టూ తిరిగి, ఒక్కోదానికి కాలితో ఒకటి తగిలించి, "ఏందిరా, బాగుండావా?" అని పలకరిస్తాడు. పనివాళ్ళకి రోజూ అదొక నవ్వు. ఇంజను కంటే టైరే పెద్ద దేవుడట వాడికి.

మొన్న నాకొక కష్టం వచ్చింది. కొండదారిలో రాళ్ళు ఎట్లా ఉంటాయంటే, విరిగిన సీసాలు పరిచినట్టే. డ్రైవరు వైపు ముందు టైరు ఒక్కసారి బుస్సుమంది. దిగి చూస్తే టైరు పక్క గోడ చీరుకుపోయింది, వేలు దూరేంత కోత. నీడ అన్నది లేదు. గులకరాళ్ళలో జాకీ పెడితే కిందికి దిగిపోతోంది, కారు మాత్రం లేవదు. చివరికి పలక రాయి వెతికి జాకీ కింద వేశాను. నట్లు పొయ్యి మీద పెనంలా ఉన్నాయి, చొక్కా విప్పి చేతికి చుట్టుకుని తిప్పాను. ఒక ముసలాయన బండి ఆపి నీళ్ళూ ఖర్జూరాలూ ఇచ్చాడు. "స్టెప్నీ, స్టెప్నీ" అని నేను మొత్తుకుంటుంటే అదేదో నా ఊరి పేరనుకుని తల ఊపాడు. ఎలాగో స్టెప్నీ వేసుకుని బయటపడ్డాను.

కోత పడిన టైరుని ఇక్కడ దుకాణంలో చూపిస్తే వాడు చేతులు ఊపేశాడు. పక్క గోడ పోతే పారేయడమే అంటాడు. పారేద్దామంటే, ఈ మధ్యే సూపర్‌వైజరు అందరినీ నిలబెట్టి, ఇకమీదట ఎవడి చేతిలో టైరు పోతే వాడు ఇంటికి పోతాడని చెప్పాడు. ఇంకా వాడికి చెప్పలేదు. టైరు నా మంచం కింద ఉంది. దాని మీద పడుకుంటున్నట్టే ఉంది నిద్ర.

అమ్మకి ఇవేం చదవకు.

శివలింగం


పుదుచ్చేరి,
ఏప్రిల్ చివర.

అన్నా,

ఖర్జూరాల వరకు చదివాను. అమ్మ సంతోషపడింది. పరిమళ అత్త, "లావయినాడా? ఎవరు వండిపెడతాండారు?" అని అడిగింది. వాడే వండుకుంటున్నాడని చెప్తే నమ్మలేదు.

నువ్వు టైరు షాపుదాని అన్నవేనా? చేతులు ఊపేశాడట, నువ్వు మంచం కింద దాచుకున్నావట! మన ఊళ్ళో ఏ టైరునైనా పారేయడం చూశావా? గేటర్ వెయ్యి, లోపలి నుంచి రబ్బరు అతుకు. ఎన్నిసార్లు నా పక్కన నిలబడి చూడలేదు! అయినా మళ్ళీ చెప్తున్నాను. లోపల కోత చుట్టూ బ్రష్‌తో గరుకు తేలేదాకా రుద్దు. ఏదైనా పాత టైరులోంచి అరచేయంత ముక్క కోసి, అంచులు పలచగా చెక్కు. సొల్యూషన్ పూసి, ఆరనిచ్చి, అతికించి, సుత్తితో కొట్టు. లోపల ట్యూబు వెయ్యి. అంతే. ఇరుసప్పన్ వేసిన గేటర్ల మీద ఈ ఊళ్ళో సగం వ్యాన్లు తిరుగుతున్నాయి, బీచ్ రోడ్డు నుంచి గోరిమేడు దాకా. ఒక్కటి పేలిందని నేను వినలేదు.

ఎక్కించేటప్పుడు టైరుని తిప్పి వెయ్యి. కోత కారు లోపలి వైపుకి పోతుంది. ఆ సూపర్‌వైజరు మోకాళ్ళ మీద కూర్చుని తల దూర్చి చూస్తే తప్ప కనపడదు. ఆ దొర కూర్చుంటాడా? మెషీన్లు పెట్టుకున్న దుకాణపోళ్ళకి చేతకానిది మన చేతికి వచ్చు. దానికి సిగ్గెందుకు? ఇంటికి పంపిస్తామని బెదిరించేవాడికి నిజం చెప్పాల్సిన పనేం ఉంది?

తిలగం


నిజ్వా,
మే.

తిలగం,

ఎట్లా రాయాలో తెలియడం లేదు. కారు బోల్తా పడింది. పాండియన్ నడుపుతున్నాడు. పెద్ద రోడ్డు మీద, మధ్యాహ్నం. పనివాళ్ళలో ఒకాయన పోయాడు. మిగతావాళ్ళకి దెబ్బలు. పాండియన్‌కి చెయ్యి విరిగింది, ప్రాణానికి భయం లేదు. కట్టు కట్టించి స్టేషన్‌లో పెట్టారు. కునుకు తీశాడని కంపెనీవాళ్ళు రాసిచ్చారు.

అత్తకి చెయ్యి సంగతి మాత్రం చెప్పు. నాకు ఫోన్ చెయ్యకండి.

శివ


పుదుచ్చేరి,
జూన్.

అన్నా,

నీ జాబు వచ్చినప్పుడు ఇద్దరూ గుమ్మంలోనే ఉన్నారు. అమ్మ చేతిలో గిన్నె, అత్త ముందు గంప. తప్పించుకునే దారి లేదు. కాయితం విప్పి, అందులో లేని మాటలన్నీ చదివాను. చిన్న యాక్సిడెంటు, చేతికి దెబ్బ, కాయితాల పని తేలేదాకా స్టేషన్‌లో ఉండాలి, తిండి బాగా పెడుతున్నారు, నువ్వు రోజూ పోయి చూస్తున్నావు. చదువుతూనే ఉన్నాను. అత్త వింటూ వింటూ కాయితం వైపు మెడ చాచి చూసింది. "ఏమ్మా, ఇంత కొంచెం రాతలో ఇంత మాట ఉండాదా?" అంది. తెలుగు అట్లాగే ఉంటుందని చెప్పాను. ఆమె నవ్వలేదు.

తర్వాత వైతికుప్పంలో ఎవరికో గల్ఫ్ నుంచి ఫోన్ వచ్చింది. కునుకు తీసి మనిషిని చంపాడని కుప్పమంతా పాకింది. అత్త మర్నాడు గంప దించకుండానే నిలబడి నన్ను అడిగింది. "చిన్నపిల్లోడుగా ఉండంగా వాళ్ళ నాయన వల కాడ కాపలా పెడితే తెల్లారిందాకా రెప్ప వెయ్యలే. వాడు పట్టపగలు నిద్రపోతాడా? నువ్వు చెప్పు. మీ అన్న ఏమని రాసినాడు?" కంపెనీవాళ్ళు అట్లా రాసిచ్చారని తప్ప నువ్వు ఏమీ రాయలేదని చెప్పాను. ఈసారి నిజమే చెప్పాను.

నువ్వు రోజూ పోయి వాణ్ణి చూస్తున్నావా? నేను చదివింది అబద్ధమో నిజమో నాకే తెలియదు.

ఇంకొకటి అడగాలి. ఈ జాబు ఇప్పటికి రెండుసార్లు చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను. టైరు పేలిందా? పేలితే ఏ టైరు? ఆ ఒక్క ముక్క రాయి. వేరే ఏమీ రాయకపోయినా పర్వాలేదు.

తిలగం


నిజ్వా,
జూలై.

చెల్లీ,

క్షేమం. ఇక్కడ ఎండలు చాలా ఎక్కువగా ఉన్నాయి, మధ్యాహ్నం పని ఆపేస్తున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? గోరిమేడు పెద్దాసుపత్రికి తీసుకుపో, ఆలస్యం చెయ్యకు. వాన మొదలయ్యేలోగా వంటింటి పైకప్పు మీద టార్పాలిన్ పట్టా మార్పించు. కడప అబ్బాయి ఊరికి పోయాడు, గదిలో ఇప్పుడు కొత్తవాళ్ళు. నాకు వేరే కారు ఇచ్చారు. పని బాగానే ఉంది.

పాండియన్ కేసు పెద్దవాళ్ళు చూసుకుంటున్నారు. మనం మాట్లాడి ప్రయోజనం లేదు. నువ్వు టైర్ల సంగతి అడగొద్దు. నా పాత జాబులుంటే చింపెయ్.

అన్న


పుదుచ్చేరి,
ఆగస్టు.

శివలింగం,

అన్నా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మోకాళ్ళ నొప్పి, పట్టా, ఎండలు! సిగ్గుందా నీకు? నేను ఒకే ఒక్క మాట అడిగాను. ఆ ఒక్కటి తప్ప ఇంటి పైకప్పు దాకా అన్నీ రాశావు. జాబులు చింపమన్నావు. అంటే అదే టైరు. నేను చెప్పినట్టే చేశావు. ముక్క అతికించి, తిప్పి వేసి, ఎవరికీ చెప్పకుండా కారుకి తగిలించావు. ప్రతిరోజూ టైర్లని పలకరించే మనిషి, అంత కోత బయటి వైపు ఉంటే చూడకుండా తాళం తిప్పుతాడా? కనపడకుండా చేసింది మనమే.

నేను తప్పించుకోవడం లేదు. "మన చేతికి వచ్చు" అని ఎగిరి ఎగిరి రాసింది నేనే. ఈ ఊళ్ళో వ్యాను ఎంత వేగం పోతుంది? సందు సందుకీ ఆగాలి, ఆవు అడ్డం వస్తే ఆగాలి, స్పీడ్ బ్రేకరుకి ఆగాలి. గేటర్ వేడెక్కేలోగా ఊరు అయిపోతుంది. మీ దగ్గర ఆ నిప్పులాంటి రోడ్డు మీద, మనుషుల్ని నింపుకుని, ఆపకుండా కొడతారు. ఆ తేడా నాకు తట్టలేదు. కోపంలో ఉన్నాను, సూపర్‌వైజరుని ఓడించాలన్న ఒక్క ఆలోచనే బుర్రలో ఉంది. ఓడింది ఎవరో చూడు.

నిన్న ఇరుసప్పన్ ఒక స్కూలు వ్యాను టైరు నా ముందు దొర్లించి గేటర్ వెయ్యమన్నాడు. వెయ్యనన్నాను. "ఏంది, నీకు పొగరెక్కిందా? నేర్పించింది నేను గదా!" అని అరిచాడు. "నేర్పినావు గదా, ఆ పిల్లోళ్ళ పక్కన నువ్వు కూచోని పో. అప్పుడు వేస్తా" అన్నాను. గేటర్ తనే వేశాడు. నడుము వంగదనుకున్నాను, వంగింది. వ్యాను పోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. రేపు పనికి రావద్దన్నాడు. నాకు ఆ బాధ లేదు. ఆ వ్యాను గురించే ఉంది.

పోయినాయన పేరేంటి? నీ జాబుల్లో ఒక్కసారైనా ఆ పేరు లేదు. ఒకాయన అంటావు. ఆ ఒకాయనకి ఇంట్లో ఎవరూ లేరా?

పోయి చెప్పు. కునుకు తీయలేదని, టైరు నేను వేశానని చెప్పు. వాడికి నువ్వు తప్ప అక్కడ ఎవరున్నారు? అత్తకి మాట ఇచ్చింది నువ్వు. నువ్వు చెప్పకపోతే నీ జాబూ, నా జాబులో ఏం రాశానో కూడా, గుమ్మంలో కూర్చుని పరిమళ అత్తకి తమిళంలో చదువుతాను. ఒక్క ముక్క వదలను.

తిలగం


నిజ్వా,
సెప్టెంబరు.

తిలగం,

నిన్న స్టేషన్‌కి పోయి చెప్పాను, నన్ను ఇక్కడే ఉంచారు. నీ బెదిరింపు వల్ల కాదని రాయాలనుంది, కానీ దానివల్లే.

అంతా రాస్తాను, చదువు. గేటర్ బాగా కుదిరింది. నువ్వు చూసినా మెచ్చుకునేదానివి. ఎక్కించాక, కారు నా వంతులో ఉన్నన్నాళ్ళూ, క్యాంపు చుట్టుపక్కల మాత్రమే తిప్పుకుంటూ ఉన్నాను. పెద్ద రోడ్డు ఎక్కే పని ఉన్నప్పుడు స్టెప్నీ తీసి వేసుకునేవాణ్ణి, ఎవరూ లేనప్పుడు మళ్ళీ మార్చేవాణ్ణి. ఎన్నాళ్ళో అట్లా గడుస్తుందని అనుకోలేదు, ఏమీ అనుకోలేదు, ఆ పూట దాటితే చాలనుకునేవాణ్ణి. ఆ రోజు పొద్దున సూపర్‌వైజరు వచ్చి ఉన్నపళంగా నన్ను వేరే పనికి పొమ్మని, కారు తాళం పాండియన్‌కి ఇచ్చాడు. పనివాళ్ళు ఎక్కేశారు. పాండియన్ ఎప్పటిలాగే నాలుగు టైర్ల చుట్టూ తిరిగాడు. ఆ టైరు దగ్గరికి వచ్చి కాలితో తగిలించి, "ఏందిరా, బాగుండావా?" అన్నాడు. పనివాళ్ళు నవ్వారు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నా పక్కనే సూపర్‌వైజరు. నోరు తెరిచాను తిలగం. దేవుడి మీద ఒట్టు, తెరిచాను. వాడు నా వైపు చూసి, "ఏందన్నా?" అన్నాడు. "మెల్లగా పో" అన్నాను. అంతే అన్నాను. వాడు చెయ్యి ఊపి పోయాడు. మధ్యాహ్నం పేలింది ఆ టైరే.

తర్వాత కంపెనీవాళ్ళు పిలిచి, పాండియన్ రాత్రిళ్ళు నిద్రపోకుండా ఫోన్ చూస్తాడా అని అడిగారు. చూస్తాడని చెప్పి సంతకం పెట్టాను. ఒక్కసారి కూడా వాణ్ణి చూడటానికి పోలేదు. నువ్వు అత్తకి చదివింది అబద్ధమే.

పోయినాయన పేరు జలాల్. బంగ్లాదేశ్ మనిషి, తాపీ మేస్త్రి. ఎప్పుడూ ముందు సీటే కావాలనేవాడు, వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందని. ఆయనకి ఊళ్ళో ముసలి తల్లి ఉంది. ఆ మాట కూడా నేను చెప్పాల్సి వచ్చింది, ఎవరూ అడగలేదు.

గేటర్ వెయ్యడం ఎవరు నేర్పించారని అడిగారు. మా ఊళ్ళో అందరూ వేస్తారు అన్నాను. ఆ మాట ఇంకో భాషలోకి మార్చేవాడు నా ముఖం ఒకసారి చూసి, తర్వాతే మార్చాడు. నీ పేరు ఎక్కడా రాలేదు, రాదు.

పాండియన్‌ని వదిలేస్తారంటున్నారు. ఇక నన్ను జైల్లో పెడతారు. ఎన్నాళ్ళో తెలియదు. జాబు రాయాలంటే రేపటిదాకా ఆగమన్నారు స్టేషన్‌వాళ్ళు. ఆగలేదు, ఇప్పుడే రాసి స్టేషన్ వంటాయన చేతికి ఇస్తున్నాను.

పాత జాబులు చింపకు. ఈ జాబు అమ్మకి చదువు. అత్తకి కూడా.

శివలింగం


పుదుచ్చేరి,
అక్టోబరు.

అన్నా,

ఈ జాబు నీ దాకా వస్తుందో రాదో, వచ్చినా చేతికి ఇస్తారో ఇవ్వరో తెలియదు. రాస్తున్నాను.

చదివాను. అమ్మని గుమ్మంలో కూర్చోబెట్టి, పరిమళ అత్త గంప దించేదాకా ఆగి, నీ జాబు మొదటి అక్షరం నుంచి చదివాను. ఒక వాక్యం అమ్మకి, అదే వాక్యం అత్తకి. ఏదీ కలపలేదు, ఏదీ తీయలేదు. "మెల్లగా పో" అన్న చోట కాయితం మడవబోయాను. అత్త, "చదువు" అంది. చదివాను. నీ జాబు అయిపోయాక, నీకు గేటర్ వెయ్యమనీ, తిప్పి వెయ్యమనీ రాసింది నేనేనని చెప్పాను. నా పేరు రాదన్నావు. ఇక్కడ వచ్చింది.

అమ్మ, "ఆ మేస్త్రి తల్లికి ఎవరు చదివి చెప్పినారో" అంది.

అత్త ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేదని కూర్చుని చూశాను. గంప మీద తడిగుడ్డ సర్దుకుంది. "అలలుండవని చెప్పినాడే మీ అన్న" అంది తమిళంలో, నాతో కాదు, గంపతో అన్నట్టు. లేచింది. ఎత్తిపెట్టడానికి నేను చెయ్యి వేయబోతే పక్కకి జరిగి తనే ఎత్తుకుంది.

పాండియన్ వచ్చాడట. చెయ్యి ఇంకా సరిగ్గా ముడుచుకోవడం లేదట. నేను పోయి చూడలేదు. ఏ ముఖంతో పోను? వీధి చివరి ఆటో స్టాండు దగ్గర ఎవరో చూశారు, ఏ బండి దగ్గరా ఆగకుండా, టైర్ల వైపు చూడకుండా పోయాడని చెప్పారు.

ఇరుసప్పన్ మళ్ళీ పిలిచాడు. పోలేదు. గోరిమేడులో వేరే షాపులో అడిగాను. గేటర్ వెయ్యనని ముందే చెప్పాను. అయితే నువ్వెందుకు అన్నట్టు ఆ ఓనరు చూశాడు. ఇంకా ఏమీ తేలలేదు.

నువ్వు చెప్పడం మంచిదే అయింది. నువ్వు చెప్పినందుకు ఇక్కడ ఎవరూ మనల్ని మెచ్చుకోరు. మెచ్చుకుంటారని అనుకోకు.

పరిమళ అత్త ఈ వీధికి రావడం మానలేదు. రోజూ పొద్దున అదే కేక, అదే గంప. మూల ఇంటి దగ్గర దించుతుంది, ఎదురింట్లో దించుతుంది. మన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నడక ఆగదు, తల తిరగదు. అత్త కేక వినపడగానే అమ్మ గిన్నె కడిగి పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. నిన్న కూడా నిలబడింది. అత్త వీధి చివర మలుపు తిరిగిపోయాక, "లోపలికి రామ్మా" అన్నాను.

"ఉండు, తిరిగొచ్చేటప్పుడు ఆగుతాదేమో" అంది.

తిలగం